మూతి పగులు సరే, అడుగు చూశారా? పాత ఇత్తడి తూటా కేసుల సంగతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. తాతగారి డబుల్ బ్యారల్ 12 బోర్ తుపాకీ లైసెన్స్ మీ నాన్నగారి పేరు మీదికి మారింది. ఈమధ్య అమలాపురం దగ్గర మీ పాత పెంకుటిల్లు విప్పుతుంటే, పశువుల సావిడి పక్క గది అటక మీద ఒక ట్రంకుపెట్టె దొరికింది. అందులో 43 ఖాళీ ఇత్తడి కేసులు, 11 నిండు తూటాలు, ఎప్పుడో అమ్మేసిన 315 రైఫిల్ తాలూకు కేసులు ఆరు ఉన్నాయి. ఊళ్ళో ఒక పెద్దాయన ‘ఇత్తడివి పారెయ్యకండి బాబూ, మందు కూరి ఇస్తాను’ అన్నారు. కొన్నిటికి మూతి దగ్గర సన్నటి పగుళ్ళు కనిపించాయి కాబట్టి అవి ఏరేసి మిగతావి నింపించుకోవచ్చా అని మీ సందేహం.

వద్దండి. ఒక్కటి కూడా వద్దు. చట్టం సంగతి తర్వాత చెప్తాను. ముందు ఇత్తడి సంగతి చెప్పాలి, ఎందుకంటే మీరు ఏరే పద్ధతే తలకిందులుగా ఉంది. మూతి పగిలిన కేసు ఆ బుట్టలో అందరికన్నా నిజాయితీపరుడు. తన జబ్బేమిటో పైకి చూపించేసింది. మనిషిని దెబ్బతీసేది మూతి చక్కగా, మెరుస్తూ, అడుగున జబ్బు దాచుకున్నది.

నేను సైన్యం ఇంజనీరింగ్ విభాగం ఈఎంఈలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, 22 ఏళ్ళు చేసి వచ్చాను. ఇప్పుడు పాలకొల్లు దగ్గర కొబ్బరితోట చూసుకుంటున్నాను. మా దగ్గర ఖాళీ కేసుని ఖోకా అంటారు. ఫైరింగ్ అయ్యాక ఖోకాలన్నీ లెక్కకు వచ్చేదాకా ఎవరినీ కదలనిచ్చేవారు కాదు. ఎండలో నిలబడి ఇసకలో ఒక్క ఖోకా కోసం గంటసేపు వెతికిన రోజులున్నాయి. అలా లక్షల ఖోకాలు చేతుల మీదుగా వెళ్ళాయి కాబట్టి చెప్తున్నాను.

కేసు అంటే మందు, గుళ్ళు, క్యాపు (అడుగు మధ్యలో ఉండి, దెబ్బ తగలగానే మందుకి నిప్పంటించే చిన్న బిళ్ళ) ఒకచోట పెట్టుకునే డబ్బా అనుకుంటారు. డబ్బా పని పేలేదాకానే. పేలిన క్షణంలో అది గాస్కెట్. చేలో ఆయిల్ ఇంజన్ నడిపినవాళ్ళకి హెడ్ గాస్కెట్ కొట్టేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆ గాస్కెట్‌కి ఇటువైపు ఉండేది మీ ముఖం. మామూలు 12 బోర్ తూటాకి యూరప్ ప్రమాణం ప్రకారం అనుమతించే గరిష్ఠ ఒత్తిడి 740 బార్, అంటే చదరపు అంగుళానికి పదివేల పౌండ్ల పైమాట. మీ స్కూటర్ టైర్లో ఉండేది ముప్పై చిల్లర. ఆధునిక 308 రైఫిల్లో అయితే అరవై వేలు దాటుతుంది. ఆ ఒత్తిడికి పల్చటి ఇత్తడి గోడ ఉబ్బి చాంబర్ (బ్యారల్ వెనక తూటా కూర్చునే చోటు) గోడకి అతుక్కుపోతుంది, గ్యాస్ వెనక్కి రాకుండా మూసేస్తుంది. ఒత్తిడి తగ్గగానే వెంట్రుకవాసి లోపలికి ముడుచుకుంటుంది, అందుకే ఖోకా బయటికి ఊడి వస్తుంది. సాగడం, ముడుచుకోవడం, ఈ రెండు గుణాలూ ఉన్నంతవరకే అది పనికొచ్చే కేసు.

అయితే గోడకి చాంబర్ ఆసరా ఉంది. అడుక్కి అంత ఆసరా లేదు. అడుగు తన బలంతోనే నిలబడాలి. అందుకే ఫ్యాక్టరీలో అడుగు భాగాన్ని దళసరిగా, గట్టిగా ఉంచుతారు, మూతివైపు పల్చగా, మెత్తగా చేస్తారు. ఒకే ముక్కలో రెండు రకాల ఇత్తడి అన్నమాట. ఈ తేడా చెడిందంటే మిగతాదంతా చెడినట్టే.

మీ ఊరి పెద్దాయన నింపే ముందు ఏం చేస్తారో నేను ఊహించగలను. చిన్నప్పుడు మా ఊళ్ళోనూ చూశాను. ఖోకాలన్నిటినీ కుంపట్లో ఎర్రగా కాల్చి నీళ్ళలో పడేసేవారు. ‘కొత్తవాటిలా అయిపోతాయి’ అనేవారు. కొడవలికి పదును పెట్టే కమ్మరి అలవాటు అది. ఇనుము వేరు, ఇత్తడి వేరు. కాల్చి నీళ్ళలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది, ఇత్తడి మెత్తబడుతుంది. నామాట నమ్మకపోతే పెరవలి దగ్గర అజ్జరం వెళ్ళి ఏ కంచరినైనా అడగండి. బిందె కొడుతూ కొడుతూ పోతే ఇత్తడి బిర్రబిగిసి పగులుతుంది, అందుకే మధ్య మధ్యలో కాల్చి మెత్తబరచుకుంటారు. మూతి పగుళ్ళకి కారణం కూడా అదే: నింపిన ప్రతిసారీ మూతి సాగి, బిగిసి, చివరికి పెళుసుబారింది. దానికి వైద్యమని కేసు మొత్తాన్ని కాల్చారనుకోండి, మూతితో పాటు అడుగు కూడా మెత్తబడిపోతుంది. చూడ్డానికి తేడా ఏమీ ఉండదు, చింతపండుతో తోమితే ధగధగలాడుతుంది. పేల్చినప్పుడు మాత్రం ఆ మెత్తటి అడుగు జంతికల పిండిలా పక్కలకు జరుగుతుంది, క్యాపు గుంట వెడల్పయిపోతుంది, గ్యాస్ అక్కడినుంచి వెనక్కి తన్నుకొస్తుంది. ఒకసారి మెత్తబడిన అడుగుని ఇంట్లో తిరిగి గట్టిపరిచే ఉపాయం లేదు. మీ 43లో ఏవి కుంపటి చూసినవో, ఏవి చూడనివో ఎవరు చెప్తారు? తాతగారు లేరు.

నా కుడి కనుబొమ పక్కన మూడు నల్లచుక్కలున్నాయి. మా మనవరాలు పుట్టుమచ్చలనుకుంటుంది. పాత 12 బోర్ ఒకటి టెస్టుకి వస్తే, చేతికి దొరికిన తిరిగి నింపిన ఇత్తడి తూటా పెట్టి కొట్టాను. తప్పు నాదే. తూటా పెట్టేటప్పుడు క్యాపు చుట్టూ సన్నటి నల్లగీత కనిపించింది, మసిలే అనుకున్నాను. అది మసి కాదు, అంతకుముందు పేల్చినప్పుడే ఆ గుంటలోంచి గ్యాస్ కారిన గుర్తు. ట్రిగ్గర్ నొక్కగానే క్యాపు అంచునుంచి, స్ట్రైకర్ (క్యాపుని కొట్టే పుల్ల) రంధ్రంలోంచి వేడి గ్యాస్ ముఖం మీదికి కొట్టింది. కళ్ళద్దాల అంచుకి పైన పడింది కాబట్టి కన్ను దక్కింది. అప్పటినుంచి కేసు చేతికొస్తే మొదట నేను చూసేది మూతి కాదు, క్యాపు చుట్టూ ఉన్న వలయం.

క్యాపు విషయంలోనే ఇంకోటి. గుంటలో సరిగ్గా కూర్చోకుండా కాస్త పైకి పొడుచుకొచ్చిన క్యాపు ఉంటే, విరిచి (అంటే కీలు దగ్గర వంచి తెరిచి) మూసే తుపాకీని గట్టిగా మూసినప్పుడు బ్రీచ్ ముఖం, అంటే తూటా వెనక ఆనే గోడ, ఆ క్యాపుని గుద్దుతుంది. తుపాకీ పూర్తిగా లాక్ అవకముందే పేలిందంటే ఇంక చెప్పేదేముంది. కాలిన కేసు అడుగున వేలు అడ్డంగా రాసి చూస్తే ఎత్తుపల్లం వేలికే తెలిసిపోతుంది. నిండు తూటాలతో మాత్రం ఆ పరీక్షలు చెయ్యకండి, క్యాపుని గోరుతో కూడా తాకవద్దు.

ఇప్పుడు ట్రంకుపెట్టె ఉన్న చోటు గురించి. పశువుల సావిడి పక్క గది అన్నారే, అక్కడే నాకు అసలు టెన్షన్ పట్టుకుంది. బ్రిటిష్ కాలంలో సైన్యం ఇత్తడి తూటాలకి ఒక వింత జబ్బు వచ్చేది. వానాకాలం గడిచేసరికి, ఒక్కటీ పేల్చకుండానే, పెట్టెల్లో ఉన్న కేసులకి పగుళ్ళొచ్చేవి. సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ ఉంచేవారు కాబట్టి గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా గాలికి, తేమకి, కేసు తయారీలో లోపల మిగిలిపోయిన బిగువు తోడై ఇత్తడి పగిలేదని 1921లో గానీ శాస్త్రవేత్తలు తేల్చలేదు. గుర్రం బదులు మన గేదె, అంతే తేడా. సావిడిలో పొద్దున్నే కళ్ళు మండించే ఘాటు ఏదైతే ఉందో అదే అమ్మోనియా. పైగా మీ గదిలో యూరియా బస్తాలు కూడా వేసేవాళ్ళమన్నారు. తడిసిన యూరియా, పేడ కలిసినచోట పుట్టేదీ అదే. కోనసీమ తేమ గురించి వేరే చెప్పాలా, అటక మీది చొక్కాకే బూజు పడుతుంది. 1996 నవంబరు తుపానులో ఆ ఇంటి పెంకులు లేచిపోయి అటకంతా తడిసిందని మీరే రాశారు. భీమవరం వైపు రొయ్యల ఐస్ ప్లాంటు మెకానిక్ ఎవరైనా తెలిస్తే అడగండి, అమ్మోనియా లైన్లో ఇనుప వాల్వులే తప్ప ఇత్తడివి ఎందుకు బిగించరో చెప్తాడు.

ఈ పగులు మూతి దగ్గరే రానక్కర్లేదు. గోడ మీద నిలువుగా, గింజ మొలకెత్తినట్టు సన్నగా మొదలవుతుంది. లోపలివైపు నుంచి వస్తే బయటికి కనపడనే కనపడదు. నేను ఖాళీవి తట్టి చూసేవాణ్ణి, సంతలో కుండ తట్టి కొన్నట్టు. గుప్పెడు ఖోకాలు అరచేతిలో గలగలలాడిస్తే బాగున్నవి గజ్జెల్లా మోగుతాయి, పగిలినదుంటే ఒకటి చచ్చు చప్పుడు చేస్తుంది. ఒక్కోటీ విడిగా సిమెంటు గచ్చు మీద వదిలితే ఏదో తెలిసిపోతుంది. అయితే బాగా మోగినది మంచిదని దానర్థం కాదు. మోగనిది చెడ్డది, అంతవరకే.

శుభ్రం చేసి చూద్దామనుకుంటే, బజార్లో దొరికే ఇత్తడి పాలిష్‌లలో కొన్నిట్లో అమ్మోనియా ఉంటుంది, అది రాస్తే తెగులుకి ఎరువు వేసినట్టే. చింతపండు పులుసులో రాత్రంతా నానబెట్టినా ప్రమాదమే. పులుపు ఇత్తడిలోని జింకుని తినేసి రాగిని మిగులుస్తుంది. పాత బిందె మీద అక్కడక్కడ గులాబీ రంగు మచ్చలు చూసే ఉంటారు. బిందెకైతే అందం పోతుందంతే. తూటా కేసు మీద ఆ మచ్చ కనిపిస్తే అక్కడ గోడ బలం పోయిందని లెక్క.

315 కేసులు ఆరే అయినా వాటి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. రైఫిల్లో అసలైన జబ్బు అడుగు ఊడిపోవడం. స్ట్రైకర్ దెబ్బకి కేసు ముందుకు జరుగుతుంది, మందు మండి పల్చటి ముందుభాగం చాంబర్ గోడని పట్టేసుకుంటుంది. దళసరి అడుగు మాత్రం వెనక మూసి ఉన్న బోల్ట్ ముఖం తగిలేదాకా వెనక్కి జరుగుతూనే ఉంటుంది. సాగేదల్లా ఈ రెండిటికీ మధ్య, అడుగునుంచి సుమారు ఒక సెంటీమీటరు పైన. దాన్ని తిరిగి సైజుకి నొక్కి, నింపి, పేలిస్తే మళ్ళీ అక్కడే సాగుతుంది. జీళ్ళపాకం రెండు చేతులతో లాగుతుంటే ఒకచోట సన్నబడుతుంది చూడండి, అలాగ. బయట ఆ ఎత్తులో కేసు చుట్టూ మెరిసే గీత ఒకటి తేలుతుంది. కొన్నిసార్లు గీత కూడా రాదు. ఒక సన్నటి కమ్మీ కొసని కొద్దిగా వంచి, మొన సానబెట్టి, క్యాపు కాలిపోయిన ఖాళీ కేసులోకి దించి, అడుగునుంచి గోడ వెంబడి పైకి లాగితే, మొన ఒకచోట గాడిలో పడినట్టు టక్కున ఆగుతుంది. ఆ టక్కు వేలికి తగిలిన కేసు ఇంకొక్క దెబ్బకి రెండు ముక్కలు. పేలినప్పుడు గ్యాస్ వెనక్కి కొట్టడం ఒకటి, ముందు ముక్క చాంబర్లోనే ఉండిపోవడం ఇంకొకటి. హడావిడిలో దాని మీద రెండో తూటా తోయబోయే మనుషుల్ని కూడా చూశాను.

12 బోర్లో కూడా దీని తోబుట్టువు ఉంది. మీ 11 నిండు తూటాల్లో అట్ట గొట్టానివి కొన్ని ఉన్నాయన్నారు. తేమ తాగిన అట్ట ఉబ్బుతుంది, ఇత్తడి అడుగు దగ్గర కుళ్ళుతుంది. పేలినప్పుడు అడుగు వెనక ఉండిపోయి అట్ట గొట్టం తెగి బ్యారల్లోకి వెళ్ళి ఇరుక్కోవచ్చు. మందు చెమర్చినా అంతే, ఢాం అనాల్సింది ఫుస్ మంటుంది, వాడ్ (మందుకీ గుళ్ళకీ మధ్య ఉండే బిళ్ళ) బ్యారల్ దారిలో ఆగిపోతుంది. ‘మందు పాతది, పేలలేదు’ అని రెండోది పెట్టి కొడితే బ్యారల్ ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. ఎడమచెయ్యి ఉండేది సరిగ్గా అక్కడే. చప్పుడు తేడాగా వచ్చిందంటే ఆ రోజుకి ఆట అయిపోయినట్టు: తుపాకీ విరిచి, ఖాళీ చేసి, బ్రీచ్ వైపు నుంచి వెలుగులోకి చూడాలి. అసలు పేలకపోతే వెంటనే విరవకూడదు, బ్యారల్ మూతి ఖాళీ చోటు వైపే పెట్టి కనీసం అర నిమిషం ఆగాలి, ఆలస్యంగా అంటుకునేవి ఉంటాయి.

ఆ 11లో పసుపు రంగు గొట్టంతో సన్నగా ఉన్నది ఒకటుందని మీరు మాటవరసకి రాశారు. అది 20 బోర్ అయ్యుండాలి. 20 బోర్‌కి పసుపు రంగు వెయ్యడం మొదలుపెట్టిందే ఈ ప్రమాదం గుర్తుపట్టడానికి. అది 12 బోర్ చాంబర్లో వేస్తే జారి ముందుకెళ్ళి బ్యారల్లో ఇరుక్కుంటుంది. చూసేవాడికి చాంబర్ ఖాళీగా కనిపిస్తుంది, వెనక 12 బోర్ తూటా చక్కగా పడుతుంది. ఆ తర్వాత జరిగేదానికి తుపాకీ మిగలదు. ఎవరూ తాకకముందే దాన్ని విడిగా ఒక డబ్బాలో పెట్టండి.

నింపే మందు గురించి నేను ఒక్క కొలత కూడా చెప్పను, అడగొద్దు కూడా. పాతకాలపు నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కొలిచే గరిటెతో అదే కొలతకి నైట్రో మందు, అంటే ఇప్పటి పొగరాని మందు, పోసి తుపాకులు పగలగొట్టుకున్న కథ పాత తరంలో ప్రతిచోటా ఉంది. పాత క్యాపుల్లో వాడిన పాదరసం ఇత్తడిలోకి ఇంకి దాన్ని పెళుసు చేస్తుంది, అది బయటికి అస్సలు కనపడదు. మీ తుపాకీ బర్మింగ్‌హామ్‌ది అన్నారు కాబట్టి, బ్యారల్ అడుగున ప్రూఫ్ ముద్రలు (ఒత్తిడి పరీక్ష చేశాక వేసే గుర్తులు) చూడండి. నైట్రో ప్రూఫ్ ముద్ర లేకపోతే అది నల్ల తుపాకీమందుకే పనికొచ్చే తుపాకీ అనుకోవాలి. చాంబర్ పొడవు రెండున్నర అంగుళాలని ఉంటే ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో పడుతుంది గానీ పెట్టకూడదు. తూటా మూతి దగ్గరి మడత విప్పుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. అంటే కొత్త తూటా కొన్నా ముందు తుపాకీని లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌కి చూపించాల్సిందే.

చట్టం రెండు ముక్కల్లో. తుపాకీ లైసెన్స్ వేరు, తూటా తయారీ లైసెన్స్ వేరు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేకుండా మందుగుండు తయారుచెయ్యకూడదు. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష ఏడేళ్ళకి తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్ళొచ్చు. పెద్దాయనది మంచి మనసే, ఆ మాట ఆయనకి మీరే నెమ్మదిగా చెప్పండి. నాన్నగారి లైసెన్స్‌లో 315 లేదు కాబట్టి ఆ ఆరూ, లెక్కలో లేని నిండు తూటాలూ ఇంట్లో ఉంచుకోవడమే ఇబ్బంది. ఖాళీవే కదా అనుకోకండి, తూటా భాగాలూ చట్టం దృష్టిలో మందుగుండే.

కాబట్టి నిండువాటిని కాలవలో పారెయ్యడం, కొబ్బరిచెట్టు మొదట్లో పాతడం, పాత ఇనుప సామాన్ల బండికి వెయ్యడం లాంటివి చెయ్యకండి. ఖాళీ అనుకుని కరిగించే కొలిమిలో పడ్డ ఒక్క నిండు తూటా చాలు. కొన్నిటికి అడుగున ఆకుపచ్చ తుప్పు ఉందన్నారు, ఘాటు పులుపు వాసన కూడా వస్తోందన్నారు. ఆ వాసన లోపల మందు కుళ్ళుతోందనడానికి గుర్తు. ఊడదీసి చూడాలని సరదా పడొద్దు. పెట్టెని ఎండలో పెట్టకుండా, పొయ్యికి దూరంగా, పిల్లలకి అందకుండా ఉంచి, ముందు పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేసి వాళ్ళెలా తెమ్మంటే అలా చెయ్యండి. నాన్నగారు లైసెన్స్ పుస్తకం పట్టుకుని వెళ్ళాలి. దొరికిన తేదీ, చోటు, లెక్క ఒక కాగితం మీద రాసి ఇచ్చి, రసీదు తీసుకోకుండా మాత్రం బయటికి రాకండి.

తాతగారి గుర్తుగా ఒక్క ఖోకా అయినా ఉంచుకోవాలని ఉందని చివర్లో రాశారు. ఆ సంగతీ అదే కాగితంలో అడగండి. ఒప్పుకుంటే క్యాపు తీసేసినది, అడుగుకి రంధ్రం వేయించినది తీసుకోండి. మూతి పగిలిన వాటిలో ఒకటి ఏరుకున్నా పర్వాలేదు, దాన్ని మళ్ళీ నింపుదామని ఎవరికీ బుద్ధి పుట్టదు.